ఖాళీ జాగా నుంచి పార్కు దాకా: ఓరుగల్లు కాలనీలకు ఒక పని వరుస

హన్మకొండలో ఏ కాలనీ సంఘం సమావేశానికైనా వెళ్లండి. పార్కు మాట ఎత్తిన రెండో నిమిషంలోనే చర్చ గేటు మీదికి పోతుంది. కాకతీయ తోరణం నమూనాలో కట్టిద్దామని ఒకరంటారు, ఫౌంటెన్ లేకపోతే అదేం పార్కని మరొకరంటారు. ఆ స్థలం ఎవరి పేరున ఉంది, వానాకాలంలో అక్కడి నీళ్లు ఎటు పోతాయి అన్న ప్రశ్నలు టీ గ్లాసులు ఎత్తేసే వేళకు కూడా రావు. మా కాలనీలోనూ ఇదే జరిగింది. ఫౌంటెన్ కట్టాం. మొదటి వేసవికే మోటారు కాలిపోయింది. ఇప్పుడది దోమల పురిటిల్లు.

ఆ అనుభవంతో నేను పట్టుకున్న వరుస ఇది: ముందు కాగితం, తర్వాత నీరు, ఆ తర్వాత నీడ, ఆట. అలంకారం అన్నింటికీ చివర. ఈ వరుస తిరగబడితే ఏం జరుగుతుందో చూడాలంటే మన పట్టణాల్లో తుప్పు పట్టిన జారుడుబల్లలను లెక్కపెడితే చాలు.

ఏడాది పని అనుకోండి. దసరా కాగానే మొదలుపెడితే నడకకు, కాగితాలకు చలికాలం సరిపోతుంది. మట్టి పని ఎండాకాలంలో చేయాలి. మొక్కలు తొలకరికి నాటాలి. జనగామ, నర్సంపేట, పరకాల, భూపాలపల్లి వంటి చిన్న పట్టణాలకూ ఇదే క్యాలెండర్ నడుస్తుంది.

మొదటి అడుగు: ఉన్నదేమిటో నడిచి చూడండి

ఓరుగల్లు చుట్టుపక్కల ఖాళీ జాగా అంటే నిజంగా ఖాళీగా ఉన్నది తక్కువ. కాకతీయుల కాలం నుంచి ఇక్కడి నేల చెరువులుగా, గుట్టలుగా, వాటిని కలిపే కాలువలుగా అల్లుకుని ఉంది. భద్రకాళి చెరువు కట్ట, వడ్డేపల్లి చెరువు, పద్మాక్షి గుట్ట, దసరాకు జనం పోటెత్తే ఉర్సు గుట్ట రంగలీలా మైదానం, తెల్లవారకముందే నడకకు వచ్చేవాళ్లతో నిండే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఇవన్నీ ఎవరో గీసిన పార్కులు కావు. జనం వాడుకతో నిలబడ్డ జాగాలు. మీ కాలనీకీ ఇలాంటివి చిన్నవైనా ఉంటాయి. వాటిని వెతకడమే మొదటి పని.

ఇస్రో వారి భువన్ పోర్టల్‌లోనో గూగుల్ ఎర్త్‌లోనో మీ ప్రాంతపు ఉపగ్రహ చిత్రం తీసి పెద్ద కాగితం మీద అచ్చు వేయించండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు కూడా దొరుకుతాయి. వాటిలో అక్టోబరు నెలది ఒకటి, మే నెలది ఒకటి చూడండి. వానల తర్వాత నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో అక్టోబరు చిత్రంలో తెలుస్తుంది. పదేళ్ల కిందట చెరువు అంచు ఎక్కడుందో, ఇప్పుడు అక్కడ ఎవరి ప్రహరీ ఉందో కూడా కనిపిస్తుంది. కొందరికి ఆ చిత్రం చూపించగానే మాట పడిపోవడం నేను చూశాను.

తర్వాత కాగితం పట్టుకుని నడవండి. వెంట ముగ్గురు ఉండాలి: కాలనీ పుట్టకముందు అక్కడ పశువులు మేపిన పెద్దాయన ఒకరు, ఏటా బతుకమ్మ ఎత్తుకునే అమ్మ ఒకరు, సాయంత్రం క్రికెట్ ఆడే పిల్లవాడు ఒకడు. ఉన్నత విద్యావంతులతో నింపిన కమిటీ కన్నా ఈ ముగ్గురికే ఎక్కువ తెలుసు. ఒకసారి ఉదయం ఆరింటికి, ఒకసారి మధ్యాహ్నం రెండింటికి, ఒకసారి సాయంత్రం ఆరింటికి వెళ్లండి. మధ్యాహ్నం నడక ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ నీడ ఎక్కడుందో, కూలి పనికి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుని సద్ది విప్పుతారో తెలిసేది అప్పుడే.

రెండో అడుగు: కాగితం

ఇక్కడ తొందరపడవద్దు. మిగతా అన్ని పనులకన్నా దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి.

అనుమతి పొందిన లేఅవుట్‌లో విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. అయిదెకరాల లేఅవుట్ అయితే అర ఎకరం, అంటే 20 గుంటలు, గజాల్లో 2,420. ఆ స్థలాన్ని, రోడ్లను లేఅవుట్ వేసినవారు స్థానిక సంస్థకు ఉచితంగా రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలి. కాబట్టి మీరు వెతకాల్సినవి రెండు: ఆమోదించిన లేఅవుట్ నక్షా, ఆ గిఫ్ట్ డీడ్. నక్షా కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ దగ్గరో మున్సిపాలిటీ పట్టణ ప్రణాళిక విభాగంలోనో ఉంటుంది. డీడ్ కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కాగితాలు చేతికి వచ్చాక టేపు పట్టుకుని కొలవండి. మా కాలనీలో నక్షా మీద 20 గుంటలున్న పార్కు నేల మీద 17 గుంటలే తేలింది. మిగతా మూడు గుంటలు రెండు వైపుల ఇళ్ల ప్రహరీల్లోకి పోయాయి. ఒకరు పూల మొక్కలు పెంచుకుంటున్నారు, ఇంకొకరు కారు నిలుపుకుంటున్నారు. ఇద్దరూ మంచివాళ్లే, పండక్కి పిలిచేవాళ్లే. అందుకే పదేళ్లు ఎవరూ నోరు విప్పలేదు. సర్వేయర్ వచ్చి హద్దురాళ్లు పాతితే తప్ప ఆ మాట మర్యాదగా మాట్లాడలేకపోయాం. మొహమాటాన్ని రాయి మీదికి తోసేయడం కూడా ఒక పద్ధతే.

డీడ్ దొరకకపోతే? నక్షాలో పార్కుగా చూపిన స్థలం డీడ్ లేనంత మాత్రాన ప్లాటు అయిపోదు. నక్షా నకలు జతచేసి కమిషనర్‌కు లిఖితపూర్వకంగా ఇవ్వండి, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు మరో నకలు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ దరఖాస్తులో 1975 నాటి పార్కులు, ఆట స్థలాలు, ఖాళీ స్థలాల పరిరక్షణ చట్టాన్ని ప్రస్తావించండి. తమ పరిధిలోని పార్కులు, ఆట స్థలాల జాబితా తయారుచేసి కాపాడే బాధ్యతను ఆ చట్టం స్థానిక సంస్థల మీద పెట్టింది. మీ స్థలం ఆ జాబితాలో ఉందా అని అడగండి. లేకపోతే చేర్చమని అడగండి.

పార్కు స్థలంలో కమ్యూనిటీ హాలో గుడో ఆసుపత్రో కడదామని కొందరు వస్తారు. ఉద్దేశం మంచిదే అయి ఉండవచ్చు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది సరిగ్గా ఈ ప్రశ్నే. ప్రణాళికలో పార్కుగా కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కోసమైనా ప్రైవేటు వారికి ఇవ్వడం కుదరదని కోర్టు తేల్చింది. మీ ఊరి పెద్దలకు ఈ కేసు సంగతి ఒక్కసారి చెప్పి ఊరుకోండి, చాలు.

అనుమతి లేని లేఅవుట్లలో అసలు ఖాళీ స్థలమే వదిలి ఉండరు. క్రమబద్ధీకరణ పథకంలో అలాంటి ప్లాట్ల నుంచి ఖాళీ స్థలం కింద ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేసే నిబంధన ఉంది. మీ వార్డులో ఎంత వసూలైందో అడిగి తెలుసుకోండి. ఆ డబ్బు మీరు కోల్పోయిన పార్కు ధర. దాన్ని మీ చుట్టుపక్కలే ఖాళీ స్థలం సంపాదించడానికి ఖర్చు పెట్టమని అడగడంలో తప్పేమీ లేదు.

చెరువు పక్క కాలనీలకు ఇంకో లెక్క ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటి మట్టపు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూముల (చెరువు నీరు పరుచుకునే భూములు) నుంచి 9 మీటర్లు ఏ కట్టడమూ లేకుండా వదలాలి. 10 మీటర్లకన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. చెరువు చుట్టూ వదిలిన ఆ పట్టీలో నడక దారి వేసుకోవచ్చు. చక్కని పార్కు అవుతుంది కూడా. అయితే దారిని నీటి వైపు మట్టి పోసి వెడల్పు చేసే దురలవాటు ఒకటి ఉంది. అలా వేసిన ప్రతి మీటరూ చెరువు పొట్టలోంచి తీసినదే. దారి హద్దుకు బయట ఉండాలి.

మూడో అడుగు: ఎంత కావాలి

లెక్క తేలికే. కేంద్ర ప్రభుత్వపు 2014 నాటి పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. 5,000 జనాభాకు అర హెక్టారు పార్కు, 15,000 మందికి ఒక హెక్టారు, లక్ష మందికి 5 హెక్టార్లు. విలీన గ్రామాలతో కలిపి 2011 లెక్కల్లో సుమారు 8 లక్షల జనాభా ఉన్న గ్రేటర్ వరంగల్‌కు మనిషికి 10 చదరపు మీటర్ల చొప్పున 800 హెక్టార్లు, అంటే దాదాపు 2,000 ఎకరాలు కావాలి. 66 డివిజన్లకు పంచితే ఒక్కో డివిజన్‌లో సగటున 12,000 మంది. అంటే ఎకరంపావు చొప్పున కనీసం రెండు పార్కులు ఉండాలి. మీ డివిజన్‌లో ఎన్ని ఉన్నాయో మీరే చూడండి.

మొత్తం లెక్క కన్నా నడక దూరం ముఖ్యమని నా అభిప్రాయం. పటం మీద ప్రతి పార్కు చుట్టూ 400 మీటర్ల వృత్తం గీయండి. అయిదు నిమిషాల నడక అది. వృత్తం లోపల జాతీయ రహదారి 163 గానీ కాజీపేట వైపు రైలు పట్టాలు గానీ అడ్డం వస్తే అవతలి సగం కొట్టేయండి. మనవరాలి చెయ్యి పట్టుకున్న నానమ్మ ఆ రోడ్డు దాటదు. ఏ వృత్తంలోనూ పడని వీధులే మీ తొలి ప్రాధాన్యం.

మట్టెవాడ, మండిబజారు, గిర్మాజీపేట వంటి పాత బస్తీల్లో కొత్త స్థలం దొరకదు, వెతికి అలసిపోవద్దు. అక్కడ ప్రభుత్వ పాఠశాల మైదానాన్ని బడి వదిలాక సాయంత్రం ఏడింటి దాకా తెరిచి ఉంచడానికి ఒప్పందం కుదుర్చుకోవడం మేలు. తాళం ఎవరు వేస్తారు, పగిలిన అద్దానికి డబ్బు ఎవరిస్తారు అన్న రెండు విషయాలు రాసుకుంటే ప్రధానోపాధ్యాయులు చాలావరకు ఒప్పుకుంటారు.

నాలుగో అడుగు: నీరు

2020 ఆగస్టులో హన్మకొండ, వరంగల్ లోతట్టు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే నెలలో పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఇవన్నీ చూసిన ఊరు ఇంకా పార్కులను రోడ్డుకన్నా ఎత్తుగా మొరం పోసి కడుతోందంటే నాకు ఆశ్చర్యమే.

అర ఎకరం పార్కు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై. ఎత్తుగా కడితే ఆ ఇరవై ట్యాంకర్లు పక్క వీధిలోకి పోతాయి. మూడో వంతు స్థలాన్ని చుట్టుపక్కలకన్నా ఒక అడుగు లోతుగా తీస్తే అది రెండు లక్షల లీటర్లను పట్టుకుంటుంది. మిగతా ఏడాదంతా ఆ పల్లం పిల్లల ఆట స్థలం. చెరువుకు మత్తడి ఉన్నట్టే ఈ పల్లానికీ నిండాక పొర్లే దారి నాలా వైపు ఉంచండి. రెండు రోజులకు మించి నీరు నిలవకుండా అడుగున ఇసుక, కంకర పొరలతో ఇంకుడు గుంత తవ్వండి. చెలక (ఎర్ర ఇసుక) నేలల్లో త్వరగా ఇంకుతుంది. నల్లరేగడి అయితే గుంత లోతుగా, పెద్దగా ఉండాలి.

పచ్చిక గురించి ఒక మాట. ఎండాకాలంలో వెయ్యి చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు దాదాపు ఒక ట్యాంకర్ నీళ్లు పోయాలి. ఇళ్లలో నల్లా రాని మే నెలలో పార్కుకు ట్యాంకర్ వస్తే కాలనీలో తగవు రాకుండా ఉంటుందా? పచ్చిక వేయాలనుకుంటే గది అంత వేయండి. మిగతాది మట్టి నేలగానే ఉండనివ్వండి, పిల్లలు మట్టిలోనే బాగా ఆడతారు.

అయిదో అడుగు: ఏది ఎంత పడుతుంది

కాగితం మీద గజాలు రాసుకుంటే కోరికలు వాటంతట అవే తగ్గుతాయి. పురుషుల కబడ్డీ కోర్టు 13×10 మీటర్లు, 155 గజాలు. వాలీబాల్ కోర్టు 18×9, చుట్టూ మూడు మీటర్లు వదిలితే 430 గజాలు. ఖోఖో 27×16, అంటే 517 గజాలు. షటిల్ కోర్టు గీతల వరకు 98 గజాలు. ఏ కోర్టయినా పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, లేకపోతే సాయంత్రం ఒక జట్టు కళ్లలో సూర్యుడే ఉంటాడు.

బతుకమ్మకు కొలత ఎవరూ వేయరు. వందమంది ఒకే వరుసలో తిరిగితే మనిషికి ముప్పావు మీటరు చొప్పున చుట్టుకొలత 75 మీటర్లు, వృత్తం అడ్డకొలత 24 మీటర్లు. అంటే సుమారు 540 గజాల చదునైన నేల, మధ్యలో ఏ స్తంభమూ విగ్రహమూ లేకుండా. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడవాళ్లది, మిగతా ఏడాది వాలీబాల్ పిల్లలది. స్తంభాలు తీసి పెట్టుకునేలా గుంతలు చేయిస్తే సరి. చెరువు పక్క పార్కు అయితే గౌరమ్మను సాగనంపడానికి జారని మెట్లు, రెండు వైపులా పట్టుకునే కమ్మీ కావాలి. సద్దుల నాటి రాత్రి చీకట్లో తడి మెట్ల మీద పళ్లెం పట్టుకుని దిగడం ఎంత కష్టమో కమిటీలోని మగవాళ్లకు తెలియదు.

అర ఎకరం చుట్టూ రెండు మీటర్ల నడక దారి వేస్తే ఒక చుట్టు 165 మీటర్లు వస్తుంది. కిలోమీటరుకు ఆరు చుట్లు. దీనికి 400 గజాలు పోతాయి. పాలిష్ టైల్స్ వద్దు, వానకు జారతాయి. ఓపెన్ జిమ్ పరికరాలను చెట్టు నీడలో పెట్టండి. మా దగ్గర పడమటి ఎండకు ఎదురుగా పెట్టారు. ఏప్రిల్ సాయంత్రం నాలుగింటికి ఆ కమ్మీ పట్టుకుంటే అరచేయి మీద అప్పడం కాలినట్టే.

చుట్టుగోడ నడుము ఎత్తు వరకే కట్టి పైన జాలీ వేయండి. లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదివాళ్లకు కనిపించే పార్కుకే ఆడపిల్లలు ధైర్యంగా వస్తారు. గేట్లు రెండుండాలి, ఒకటి వీల్‌చెయిర్ పట్టేంత వెడల్పుగా, మెట్టు లేకుండా. మరుగుదొడ్డి తప్పనిసరి. అది లేని పార్కులో పెద్దవాళ్లు అరగంటకు మించి ఉండరు.

ఆరో అడుగు: చెట్లు

మృగశిర కార్తె వానలు పడ్డాక నాటండి. మూడడుగుల గుంత తవ్వి, చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి, ఆరడుగుల మొక్క పెట్టండి. చిన్న మొక్కలు వంద నాటి ఫోటో దిగడం కన్నా పెద్దవి ఇరవై నాటి మూడు వేసవులు నీళ్లు పోయడం మేలు.

నీడకు కానుగ, వేప, నేరేడు, చింత. ఏడెనిమిది మీటర్ల ఎడంతో నాటాలి, ఎక్కువ చెట్లు పడమటి వైపు ఉండాలి. రావి, మర్రి కావాలంటే గోడలకు, పైపులకు దూరంగా ఒకటి చాలు. పూలకు మోదుగ, రేల. ఒకటి మాఘ ఫాల్గుణాల్లో, ఒకటి నడి వేసవిలో పూస్తుంది. కోనోకార్పస్ త్వరగా పెరుగుతుందని ఎవరైనా అంటే వినవద్దు. దాని వేళ్లు నీటి పైపులను వెతుక్కుంటూ పోతాయి, పిట్ట కూడా వాలదు.

ఒక జమ్మి చెట్టు తప్పకుండా ఉండాలి. దసరా సాయంత్రం బంగారం పంచుకోవడానికి ఊరి బయటికి పోవాల్సిన పని ఉండదు. ఇంకో మూల తంగేడుకు, గునుగుకు వదలండి. ఒకప్పుడు చెలకల్లో వాటంతట అవే పెరిగిన ఈ పూలను ఇప్పుడు చౌరస్తాలో కొనుక్కుంటున్నాం.

చెట్టు మొదలు చుట్టూ సిమెంటు గట్టు కట్టేటప్పుడు కనీసం మూడడుగుల మట్టి వదలండి. గట్టును కాండానికి ఆనించి కట్టిన చెట్లు చాలా చోట్ల మెడకు ఉరి బిగించినట్టు కనిపిస్తాయి.

ఏడో అడుగు: డబ్బు, తాళం

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. అదే చట్టం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట నాలుగు కమిటీలు ఉండాలంది. మీ ప్రతిపాదన కాలనీ సంఘం ఉత్తరంగా కాక ఈ నాలుగు కమిటీల తీర్మానంగా వెళ్తే దాని బరువు వేరు. బడ్జెట్ తయారయ్యే చలికాలంలోనే వెళ్లాలి. ఏప్రిల్‌లో వెళ్తే డబ్బు పంచేసి ఉంటారు.

ప్రతిపాదనలో కట్టే ఖర్చు ఒక పేజీ, నడిపే ఖర్చు ఒక పేజీ రాయండి. రెండో పేజీ చాలామంది రాయరు. మాలి జీతం పన్నెండు నెలలకు, మోటారు కరెంటు బిల్లు, ఏడాదికి రెండుసార్లు జారుడుబల్ల బోల్టుల తనిఖీ, ఎండాకాలం నీళ్లు, పోయిన బల్బులు. ఈ పేజీ మొత్తాన్ని అయిదేళ్లకు లెక్కకట్టండి. అంత భరించలేమని తేలితే ఫౌంటెన్, విగ్రహం, రంగు దీపాలు కొట్టేయండి. మాలిని మాత్రం కొట్టేయవద్దు.

ఇక తాళం. మాలి దగ్గర ఒక తాళంచెవి, గేటుకు ఎదురింట్లో ఉండి రోజూ అయిదింటికే లేచే మనిషి దగ్గర ఒక చెవి. మా దగ్గర ఆ రెండో చెవి ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గరుంది. ఆవిడ ఊరెళ్లేటప్పుడు ఎవరికి ఇస్తుందో గేటు లోపలి వైపు పలక మీద సుద్దముక్కతో రాసి పోతుంది.